వంతు ఎవరిది?



నేటి నా ప్రసంగవిషయము ఆటముక్కలు. ముక్కలనగానే పందెములును, పోలీసు దాడులును, కూలిపోయిన కాపురముల కథలును స్ఫురించుట మన సీమలో సహజమే యైనను, నేను వాని జోలికి పోబోవుట లేదు. నలుగురు చాపమీద కూర్చుండి ముక్కలు పంచుకొన్న పిమ్మట మొదట ఎవరు వేయవలెను, వేసినదానికి ఎవరు ఎప్పుడు బదులు చెప్పవచ్చును, ఇరువురు ఒక్కమారే చేయి సాచినప్పుడు ఎవరి చేయి ముందుగా లెక్కకు వచ్చును అను ప్రశ్నలకు మానవులు వేర్వేరు కాలములలో చెప్పుకొన్న సమాధానములను మీ ముందుంచ దలచితిని. పైకి ఇది పిల్లల తగవుగా కనబడును. కాని లోనికి దిగినకొలది ఇందులో హక్కు, సంయమము, న్యాయము అను మహావిషయములన్నియు ఇమిడియున్నవని నా దృఢవిశ్వాసము.

వేసవి సెలవులలో మన బళ్ళారి కౌల్‌బజారులోనో బ్రూస్‌పేటలోనో ఏ సందులోనికి పోయినను, ఎండ పడని అరుగు చూచుకొని కూర్చుండి క్రికెట్ ఆటగాండ్ర బొమ్మలున్న ట్రంపు కార్డులను పంచుకొను పిల్లలు కనబడుచుందురు. ఈ తరమువారి చేతులలో జపానుదేశపు పోకెమాన్ ముక్కలు కూడ చేరినవి. ఒకని యొద్ద రెండున్న ముక్కను మరొకని యొద్దనున్న అపురూపమైన ముక్కకు మార్చుకొనుట, మార్చుకొన్నదానికి రేపు పశ్చాత్తాపపడుట, ఎల్లుండి మరల బేరమాడుట ఆ లోకములో నిత్యకృత్యములు. ఆ అరుగుల యొద్ద నిలుచుండి వినినవారికి తెలియును: పిల్లలు జగడమాడునది ముక్క విలువను గూర్చి కాదు. విలువ ముక్కమీద అచ్చు వేయబడియే యున్నది, దానిని ఎవ్వరును కాదనలేరు. “నేను అడుగకముందే నీవు వేసితివి”, “నా వంతు ఇంకను ముగియలేదు”, “వేసిన ముక్క వెనుకకు తీయరాదు” అనునవియే అక్కడి వాదములు. ట్రంపు కార్డులలో పై ముక్కను చూచుకొని పరుగులో, వికెట్లో, శతకములో ఏదో యొకటి ఎన్నుకొని చాటు హక్కు ఒక్కనికే యుండును. ఎవని సంఖ్య పెద్దదో వాడు ఎదుటివాని ముక్కను గైకొని, మరల చాటు హక్కును నిలుపుకొనును. పదునొకండవ స్థానమున బ్యాటు పట్టుకొని వచ్చు బౌలరు ముక్క చేతనున్న బాలుడు, చాటు హక్కు తనదైనచో వికెట్లని పలికి ఎంతటి బ్యాట్స్‌మన్‌నైనను పడగొట్టును. హక్కు ఎదుటివానిదైనచో అదే ముక్క పరుగుల లెక్కలో చతికిలబడును. ముక్కకున్న బలము ఒకటి, దానిని బయటికి తెచ్చు వంతునకున్న బలము మరియొకటి అను పాఠమును మన పిల్లలు ఏడేండ్ల ప్రాయముననే నేర్చుకొనుచున్నారు.

పెద్దలాడు రమ్మీలో ఈ భేదము మరింత సూక్ష్మముగా నుండును. పదమూడు ముక్కలు చేతబట్టుకొన్నవాడు తన వంతు వచ్చినప్పుడు మూసియున్న కట్టనుండి యొకటి తీయవచ్చును, లేదా తన ముందువాడు పడవేసిన ముక్కను ఎత్తుకొనవచ్చును. ఆ పడవేసిన ముక్కమీద హక్కు తరువాత కూర్చున్నవానికి మాత్రమే కలదు. రెండు స్థానముల ఆవల కూర్చున్నవానికి అట్లు పడిన ఇస్పేటు రాణి యొక్కటి దొరికినచో ఆట ముగియునంతటి అవసరమున్నను, అతడు కన్నులార చూచుచు ఊరకుండవలసినదే. పక్కవాడు దానిని కాదని కట్టలోనికి చేయి పెట్టినంతనే ఆ రాణిమీద అందరి ఆశయు అడుగంటిపోవును. కనుకనే ఆరితేరిన ఆటగాడు తనకేమి కావలెనో అను చింతతో పాటు, తాను పడవేయునది ఎవని ముందు పడుచున్నదో యను చింతను ఎన్నడును విడువడు.

రమ్మీలోని ఈ నైపుణ్యపు మాట న్యాయస్థానము దాక పోయినది. సికింద్రాబాదులోని ఒక క్లబ్బులో రమ్మీ ఆడుచుండిన వారిమీద హైదరాబాదు జూదనిషేధ చట్టము క్రింద నడచిన వ్యాజ్యము సుప్రీంకోర్టునకు చేరగా, 1967 నవంబరులో న్యాయమూర్తి హిదయతుల్లాగారు వెలువరించిన తీర్పులో మూడుముక్కలాటకును రమ్మీకిని గల భేదము వివరింపబడినది. మూడుముక్కలాట కేవలము అదృష్టముమీద నిలిచినది. రమ్మీలోనో, ఏ ముక్క ఎప్పుడు పడినదో జ్ఞాపకముంచుకొని, ఏది నిలుపుకొనవలెనో ఏది పడవేయవలెనో నిర్ణయించుటలో నైపుణ్యము ప్రధానమని వారు తలచిరి. ముక్కలు పడు క్రమమును స్మరించుట ఆ నైపుణ్యములో భాగమని దేశపు అత్యున్నత న్యాయస్థానము అంగీకరించినదన్న మాట. తీర్పులోని తక్కిన విషయములు చట్టజ్ఞులకు సంబంధించినవి. ఈ ఒక్క అంశము మాత్రము నాకు మిక్కిలి విలువైనదిగా తోచినది.

మొదట ఎవరు వేయవలెనను ప్రశ్నకు ఇంతకన్న ప్రాచీనమును, ఇంతకన్న మనోహరమును నగు సమాధానము గంజీఫా ఆటలో కలదు. నేడు ఆ పేరు వినినవారే అరుదు. గుండ్రని చిన్న బిళ్ళలవంటి ముక్కలవి. గుడ్డను పొరలుగా అంటించి, చింతగింజల జిగురు పూసి, రంగులతో బొమ్మలు వ్రాసి, లక్కతో మెరుగు పెట్టుదురు. రాజుల కొరకు దంతముతోను, తాబేటి డిప్పతోను చేసినవియు కలవు. 1527 జూను మాసమున బాబరు చక్రవర్తి సింధులోని షా హసనునకు గంజీఫా ముక్కలను పంపినట్లు తన స్వీయచరిత్రమున వ్రాసికొనెను. అక్బరు కొలువులోని అబుల్ ఫజలు రచించిన ఐనీ అక్బరీలో పండ్రెండు జాతుల పేక వర్ణింపబడినది. ఒక్కొక్క జాతికి రాజు, మంత్రి, ఒకటి మొదలు పది వరకు సంఖ్యలు, వెరసి పండ్రెండు ముక్కలు. మొత్తము నూట నలువదినాలుగు. ఆ పండ్రెండు రాజులలో మొదటివాడు అశ్వపతి, రెండవవాడు గజపతి, మూడవవాడు నరపతి.

హంపీ పొరుగున బ్రదుకుచున్న మనకు ఈ మూడు బిరుదములు క్రొత్తవి కావు. అశ్వబలముగల సుల్తానులు, ఒడ్డెదేశపు గజపతులు, విజయనగరపు నరపతులు అని మన పూర్వులు తమ కాలపు రాజకీయమునంతయు మూడు సింహాసనములుగా చెప్పుకొనెడివారు. అబుల్ ఫజలు మాత్రము నరపతికి ఉదాహరణముగా విజాపుర పాలకులను పేర్కొనెను. 1565లో విజయనగరము ధ్వంసమైన కొన్ని దశాబ్దములకు ఉత్తరాదిన వ్రాయబడిన గ్రంథమగుటచే అట్లు జరిగియుండును. తుంగభద్రాతీరపు సింహాసనము ఆ విధముగా మొగలు కొలువులోని ఆటముక్కలలో నీడగా మిగిలినదని తలచినప్పుడెల్ల నాకు మనసు కలుక్కుమనును.

కాలక్రమమున మొగలాయీ గంజీఫాలో ఎనిమిది జాతులు, తొంబదియారు ముక్కలు స్థిరపడినవి. ముగ్గురు ఆడుదురు, తలకు ముప్పదిరెండు ముక్కలు. తాజ్, సఫేద్, శంషేర్, గులాం అను నాలుగు జాతులు బలమైనవి. చంగ్, సుర్ఖ్, బరాత్, కిమాష్ అను నాలుగును బలహీనములు. బలమైన జాతులలో రాజు, మంత్రి తరువాత పది గొప్పది, అక్కడినుండి ఒకటి వరకు దిగుచు వచ్చును. బలహీన జాతులలో రాజమంత్రుల స్థానము మారదు గాని, వారి తరువాత ఒకటియే గొప్పది, పది అన్నింటికన్న నీచము. ఒక జాతిలో పెద్దదైనది మరొక జాతిలో చిన్నదగుట వలన, ఆటగాని బుద్ధి క్షణమైనను నిద్రింపరాదు.

ఇక తొలివంతు సంగతి. ఆటను ఎవరు ఆరంభింపవలెను? పంచినవాడా, పంచినవాని కుడివైపువాడా, పెద్దవాడా, పోయిన ఆటలో గెలిచినవాడా? గంజీఫా పెద్దలు వీరిలో ఎవ్వరికిని ఆ హక్కును అప్పగింపలేదు. పగటిపూట ఆడునప్పుడు సుర్ఖ్ జాతి రాజు, అనగా బంగారు నాణెపు రూపమున నున్న సూర్యుడు ఎవని చేత పడినాడో వాడే ఆరంభించును. రాత్రివేళ సఫేద్ రాజు, అనగా వెండి నాణెపు రూపమున నున్న చంద్రుడు ఎవని చేతనున్నాడో వానిదే తొలివంతు. దశావతార గంజీఫాలో పదియవతారములకు పది జాతులు, నూటయిరువది ముక్కలు. అందు పగలైనచో రాముడు, రాత్రియైనచో కృష్ణుడు ముందు నడచును. సూర్యవంశమువానికి పగలును, చంద్రవంశమువానికి రాత్రియు అప్పగించిన ఆ ఔచిత్యమును గమనింపుడు. కొన్ని ప్రాంతములలో ఇంకను ముందునకు పోయి, సంధ్యవేళకు నరసింహుని, వానపడు పగటికి కూర్మమును, వానపడు రాత్రికి మత్స్యమును నియమించిరి. పగలును గాని రాత్రియు గాని హిరణ్యకశిపునకు చావు లేదను వరమును సంధ్యవేళ దాటిన దేవునికి, పగలో రాత్రియో తేలని ఆటలో అగ్రాసనమిచ్చుట ఎంతటి రసజ్ఞత!

ఇందలి న్యాయమును కూడ చూడవలెను. తొలివంతును గూర్చి తగవు వచ్చుటకే తావు లేదు. తలయెత్తి ఆకాశమును చూచినచో చాలును. ధనికుడు, దరిద్రుడు, దొర, బంటు ఎవ్వరైనను ఆ క్షణమున ఒక్క మెట్టుమీదనే కూర్చుందురు. ఆరంభించినవాడు ఆ రాజుతోపాటు ఒక చిన్న ముక్కను కూడ కలిపి వేయును. తక్కిన ఇద్దరును తమకు అక్కరలేని ముక్కలు రెండేసి పారవేయుదురు. ఆ పిమ్మట ఆట నడచు తీరు మరియు విచిత్రము. ఒక జాతిలో ఇంకను పడని ముక్కలలో ఏది గొప్పదో అది హుకుము. రాజు పడిపోయినచో మంత్రి హుకుమగును, మంత్రియు పడిపోయినచో బలమైన జాతిలో పదియు, బలహీన జాతిలో ఒకటియు హుకుమగును. ఈ రీతిగా, మొదట ఎవ్వరును కన్నెత్తి చూడని ఒక ఏడు ముక్క, తనకు పైవారందరును రాలిపోయినారని తెలిసిన ఆటగాని చేతిలో, చివరి ఘడియలలో రాజై కూర్చుండును. ఆ సంగతి మరచినవాడు దానిని చెత్తలో పారవేయును. తురుపు లేని ఆటలో జ్ఞాపకమే తురుపు.

ఈ కళ మనకు దూరపుది కాదు. తెలంగాణములో నిర్మలయందును, కర్నూలు సీమలోని నొస్సమునందును చిత్రకారులు గంజీఫా ముక్కలు వ్రాసిరి. మైసూరున ముమ్మడి కృష్ణరాజ ఒడెయరువారు ఛద అను పేర క్రొత్త ఆటలనే కల్పించి, శ్రీతత్త్వనిధి యందలి కౌతుకనిధిలో వాని లక్షణములను పొందుపరపించిరి; వారి ఆటలలో ఒకటి మూడువందలకు మించిన ముక్కలు గలది. అంతటి ఆటను ఓపికతో ఆడగల తీరిక ఆనాటి అంతఃపురములకే చెల్లినది. మన కాలమున మైసూరు చిత్రకారులు రఘుపతి భట్టుగారు ఆ సంప్రదాయమును మరల కుంచెకు ఎక్కించిరి.

ఇక మన బళ్ళారికి వత్తును. ఆటలోని క్రమము ఎంత దారుణమైన విషయమో ఈ పట్టణము రంగస్థలముమీద చూచినది. వకీలువృత్తిలో నుండి సరసవినోదినీ సభను నెలకొల్పిన ధర్మవరము రామకృష్ణమాచార్యులవారు 1887లో ఇక్కడ ప్రదర్శింపజేసిన తొలి నాటకము చిత్రనళీయము. జూదములో రాజ్యము పోగొట్టుకొన్న నలుని కథ అది. భారతకథలో నలుడు తిరిగి గెలుచుటకు ముందు ఒక మారకము జరిగినది. అయోధ్యరాజైన ఋతుపర్ణుడు పాచికల మర్మమగు అక్షహృదయమును నలునికిచ్చెను, దానికి బదులుగా గుర్రముల మర్మమగు అశ్వహృదయమును పొందగోరెను. కాని అశ్వహృదయమును అప్పటికప్పుడే గైకొనక, “అది నీ యొద్దనే నిక్షేపముగా నుండనిమ్ము” అనెను. ముక్కలు మార్చుకొను మన పిల్లలు ముందు నీవిమ్ము, కాదు ముందు నీవిమ్మని అరగంటసేపు పెనగులాడునది ఈ విషయమును గూర్చియే. ముందు ఇచ్చినవాడు ఎదుటివానిని నమ్మినాడని అర్థము. ఋతుపర్ణుడు నమ్మినాడు, నలుడు ఆ నమ్మకమును వమ్ము చేయలేదు.

ఇంతకన్న తీవ్రమైన ప్రశ్నను ద్రౌపది అడిగినది. కురుసభలో ధర్మరాజు తమ్ములను ఒడ్డి ఓడెను, తన్ను తాను ఒడ్డి ఓడెను, తుదకు శకుని పురికొల్పగా ద్రౌపదిని ఒడ్డి ఓడెను. దుర్యోధనుడు ప్రాతికామి యను దూతను పంపినప్పుడు ఆమె కన్నీరు కార్చుచు సభకు పోలేదు. “నా భర్త ముందుగా ఎవరిని ఓడెను, తన్నా, లేక నన్నా?” అది తెలిసికొని రమ్మని అతనిని వెనుకకు పంపెను. తన్ను తాను ఓడి దాసుడైనవానికి మరొకరిని ఒడ్డు హక్కు ఎక్కడిది? ముందు నన్ను ఒడ్డియుండినచో సంగతి వేరు. పందెములు అవే, పాచికలు అవే, పడిన పందెముల వరుస యొక్కటియే ఒక స్త్రీ స్వాతంత్ర్యమును నిర్ణయించునదై నిలిచినది. భీష్ముడు ధర్మము సూక్ష్మమనెను. ధృతరాష్ట్రుని కొడుకులలో వికర్ణుడొక్కడు లేచి, దాసుడైన పిదప ఒడ్డిన ఒడ్డు చెల్లదని వాదించెను. పెద్దలు మౌనము వహించిరి. నా మట్టుకు వికర్ణుడే న్యాయము పలికినాడు. ఆట మొదలు పెట్టుటకు ముందు ఆ నియమమును ఎవరును నోట పలికియుండలేదు. పలుకని నియమము బలవంతుని పక్షమునకే ఒరిగినది.

ఇప్పుడు మన కాలపు ఆటను చూతము. 1993లో అమెరికాలో రిచర్డ్ గార్ఫీల్డ్ అను గణితశాస్త్రజ్ఞుడు మ్యాజిక్ ది గేదరింగ్ అను ఆటను కల్పించెను. ముక్కలను కొనుక్కొనుట, మార్చుకొనుట, తనకు నచ్చినవానితో తన పేకను తానే కూర్చుకొనుట ఇందలి విశేషము. ఈ జాతి ఆటలన్నింటికిని ఇదియే ఆద్యము. ఆ తరువాతనే జపానులో పోకెమాన్, యు-గి-ఓ అను ఆటలు పుట్టినవి. ఇందు ఒక చిక్కు కలదు. పైని చెప్పిన పాత ఆటలలో ఎవని వంతులో వాడే కదలును. మ్యాజిక్‌లో ఒకని వంతు నడచుచుండగా ఎదుటివాడు కూడ కొన్ని ముక్కలతో అడ్డుపడవచ్చును. కనుక వంతు ఒకనిది, మాటాడు హక్కు మరొకనిది అగు సందర్భములు అడుగడుగున వచ్చును. ఈ మాటాడు హక్కును వారు ప్రయారిటీ యందురు.

ఉదాహరణమొకటి చెప్పెదను, శ్రోతలు కొంచెము ఓపికతో వినగోరుచున్నాను. మొదటి సంపుటములోనే వచ్చిన మూడు సామాన్యమైన ముక్కలు తీసికొందము. గ్రిజ్లీ బేర్స్ అనునది ఎలుగుబంటి ముక్క. దాని బలము రెండు, ఓర్పు రెండు. లైట్నింగ్ బోల్ట్ పిడుగు. అది మూడు దెబ్బలు కొట్టును. జయంట్ గ్రోత్ అనునది ఒక జీవికి ఆ వంతు ముగియువరకు బలమును ఓర్పును మూడేసి పెంచును. నా యెదుట కూర్చున్న బాలుని యొద్ద ఎలుగుబంటి యున్నది. నేను దానిమీద పిడుగు వేసితిని. వేసినంతనే అది పడదు. బల్లమీద నిలిచి యుండును. బాలునికి మాటాడు హక్కు వచ్చును. అతడు పెంపుముక్క వేసినాడు. ఇప్పుడు ఇరువురమును ఇక చాలునన్నచో, చివర వేసినది మొదట ఫలించును: ఎలుగు ఐదుకు పెరుగును, ఆ పిమ్మట నా పిడుగు మూడు దెబ్బలు కొట్టును, ఎలుగు బ్రదుకును. ఇదే కథను తిరుగవేసి చూడుడు. బాలుడు తొందరపడి, తన వంతులో, ఎలుగుమీద ముందే పెంపుముక్క వేసినాడు. దానికి బదులుగా నేను పిడుగు వేసితిని. చివర వేసిన నా పిడుగు మొదట ఫలించును. రెండు ఓర్పుల ఎలుగు మూడు దెబ్బలకు చచ్చును. తరువాత పెంపుముక్కకు ఆశ్రయమే లేక వృథాయగును. అవే మూడు ముక్కలు, అదే బల్ల. ఎవరు ముందు నోరు తెరచిరో వారు ఓడిరి.

ఈ నియమము మొదటినుండి ఇట్లు లేదు. తొలి యేండ్లలో ఏ ముక్క ఎప్పుడు ఫలించునో తేల్చు పద్ధతి చిక్కుముడిగా నుండి తగవులకు కారణమగుటచేత, 1999లో ఆరవ కూర్పు నియమములతో చివర వేసినది మొదట ఫలించు ఈ స్టాక్ పద్ధతిని ప్రవేశపెట్టిరి. నేడు ఆ ఆట సమగ్ర నియమావళి రెండువందల పుటలకు మించినది. అందులో నాకు మిక్కిలి నచ్చినది, ఊరకుండుటను కూడ ఒక చర్యగా లెక్కించిన తీరు. ముక్క వేసినవాడు, మరేమియు వేయదలపనిచో, తన హక్కును వదలుకొనవలెను; అప్పుడు ఎదుటివానికి అవకాశము వచ్చును; అతడును వదలుకొన్నప్పుడే పైనున్న ముక్క ఫలించును. ఒక్కటి ఫలించిన పిదప మరల వంతుగలవానికే తొలి హక్కు. ఇరువురి పక్షమునను ఒకే క్షణమున ఏవేని ఫలములు మేల్కొన్నచో వంతుగలవానివి క్రింద, ఎదుటివానివి పైన పేర్చుదురు గనుక, ఎదుటివానివే ముందు ఫలించును. యు-గి-ఓ ఆటలో బదులు ముక్కలకు మూడు వేగములు నిర్ణయించి, మందగతి ముక్కతో శీఘ్రగతి ముక్కకు బదులు చెప్పరాదనిరి. వివరములు వేరైనను తాత్పర్యమొకటియే. ఎదుటివానికి బదులు చెప్పు అవకాశమీయక ఏ పనియు నెరవేరరాదు.

కురుసభలో ఈ నియమమే యుండియుండినచో! ద్రౌపది ప్రశ్నకు బదులు వచ్చువరకు ఆ పందెము ఫలించియుండెడిది కాదు.

నియమమును ముందే చెప్పుకొను ఈ విషయము బళ్ళారివారికి మరింత ఆవశ్యకమని నేను భావించుచున్నాను. 1953 అక్టోబరు 1వ తేదీన ఈ జిల్లా మైసూరు రాజ్యములో చేరినది, ఆదోని, ఆలూరు, రాయదుర్గము ఆంధ్రమునకు పోయినవి; మనుషులు మాత్రము కలసియే యున్నారు. మన వీధిలో ఒక బల్లచుట్టు కన్నడము మాటాడు ఇంటివాడు, తెలుగు మాటాడు ఇంటివాడు, ఉర్దూ మాటాడు ఇంటివాడు కూర్చుండి ఇస్పేటు, ఆఠీను, కళావరు అని ఒకే పేర్లతో ముక్కలను పిలుచుకొనుచున్నారు. పేర్లు కలసినంత మాత్రమున నియమములు కలియవు. రమ్మీలో జోకరును ఎత్తుకొనవచ్చునా కూడదా, మధ్యలో మానుకొన్నచో ఎన్ని లెక్కలు పడును, తప్పుగా షో చూపినవానికి శిక్షయేమి అను సంగతులలో ఒక్కొక్క ఇంటికి ఒక్కొక్క ఆచారము. ఏ ఆచారమును తప్పని నేననను. కాని ముక్కలు పంచకముందే ఆ రోజు ఏ ఆచారము చెల్లునో నలుగురును వినునట్లు చెప్పుకొనవలెను. ముక్కలు చేతికి వచ్చిన పిదప చెప్పు నియమము నియమము కాదు, పక్షపాతము.

చేతిలోని ఫోనులో ఆట నేర్చుకొను పిల్లలను గూర్చి నాకు గట్టి దిగులు కలదు. అక్కడ యంత్రమే వంతును కాపాడును. వంతు కానప్పుడు వ్రేలు నొక్కినను ముక్క కదలదు; గడువు తీరగానే వంతు దానంతట అదియే పోవును. తన చేయిని తాను పట్టి నిలుపుకొనుట, “నీవు చెప్పుము” అని ఎదుటివానికి తోవ ఇచ్చుట, తప్పుగా వేసినప్పుడు తానే ఒప్పుకొనుట అను గుణములు ఆ యంత్రము నేర్పజాలదు. అరుగుమీద కూర్చుండి, కన్నులలో కన్నులు పెట్టి ఆడినప్పుడే అవి అబ్బును. కావున పిల్లల ముక్కలను చెత్త కాగితములని పారవేయు తల్లిదండ్రులారా, ఒక్కమారు వారి ప్రక్కన కూర్చుండి, “ఇప్పుడు వంతు ఎవరిది? నీకెట్లు తెలిసినది?” అని అడుగుడు. వారు చెప్పు సమాధానములో ఎంత తర్కమున్నదో మీకే తెలియును.

శ్రోతలకు మరియొక విన్నపము. ఈ జిల్లాలోను, అనంతపురము, కర్నూలు, రాయచూరు జిల్లాలలోను పాత ఇండ్లు చాల కలవు. ఏ భోషాణములోనో గుండ్రని బొమ్మముక్కల పెట్టె యుండవచ్చును. అది లేకపోయినను, చిన్ననాడు తాతగారు ఏ ముక్కతో ఆట మొదలు పెట్టెడివారో, దీపము పెట్టిన పిదప ఏ నియమము మారెడిదో జ్ఞాపకమున్న వృద్ధులుండవచ్చును. బొమ్మముక్కలను సంగ్రహశాలలు భద్రపరచును గాని, వంతుల నియమములు బొమ్మలమీద వ్రాసియుండవు; అవి ఆడినవారి నోటిలోనే యుండును. మీ ఇంటి పెద్దలను అడిగి, వారు చెప్పినది చెప్పినట్లు, వారి మాటలతోనే, ఒక నోటుపుస్తకములో ఈ సెలవులలోనే వ్రాసిపెట్టుడు. వ్రాసినదానిపైన వారి పేరును, ఊరును, తేదీని మరువకుడు.